వయసుకు తగిన పరీక్ష

పండగ రోజుల్లో పేపరు మధ్యలోంచి ఒక రంగుల కాగితం జారి పడుతుంది. ఎనభై పరీక్షలు, సగం ధర, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు. నలభై దాటినవాళ్లున్న ఇంట్లో ఆ కాగితం వెంటనే చెత్తబుట్టలోకి పోదు. టీవీ పక్కనో ఫ్రిజ్ మీదో రెండు మూడు రోజులు ఉంటుంది. ‘చేయించుకుంటే మంచిదేగా’ అని ఒకరంటారు, ‘లేనిపోనివన్నీ బయటపడతాయి’ అని ఇంకొకరంటారు. చివరికి ఎవరి మాట నెగ్గినా, అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. నా వయసుకి, నా అలవాట్లకి, మా ఇంట్లో ఉన్న జబ్బులకి ఏ పరీక్ష చేస్తే నిజంగా మేలు జరుగుతుందని తేలింది?

దీనికి జవాబులు ఇప్పటికే ఉన్నాయి. వాటినే వైద్య మార్గదర్శకాలు అంటాం. ఒక జబ్బు మీద దేశదేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ ముందు పెట్టుకుని, ఏ పరీక్ష ఎవరికి, ఎన్నేళ్లకోసారి, ఫలితం తేడాగా వస్తే తర్వాత ఏం చేయాలి అని నిపుణుల బృందం రాసిపెట్టే సూచనలు అవి. రాసింది డాక్టర్ల కోసమే. అయితే వాటిలో నివారణకు సంబంధించిన భాగం మామూలు చదువు ఉన్న ఎవరికైనా అర్థమవుతుంది, ఒక ఇంటి నోటుబుక్కులో ఇమిడిపోతుంది. దాన్ని అలా ఇమిడ్చి వాడుకోవడం ఎలాగో చెప్పడమే ఈ అధ్యాయం పని.

ఏటా తలనుంచి కాళ్లదాకా అన్నీ చూపించుకోవాలన్న ఆలోచనను మొదట గట్టిగా ప్రశ్నించింది కెనడా. అక్కడి ప్రభుత్వం 1976లో వేసిన నిపుణుల బృందం 1979లో నివేదిక ఇచ్చింది. అందరికీ ఒకే రకం వార్షిక చెకప్ మానేసి, వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి, రుజువున్న పరీక్షలనే ఎంచి చేయమంది. 1984లో అమెరికా కూడా ఇలాంటి బృందాన్నే ఏర్పాటు చేసింది. ఆ బృందం ప్రతి సూచనకూ ఒక అక్షరం ఇస్తుంది. ఏ, బీ అంటే మేలు ఉందని రుజువైంది, చేయండి. సీ అంటే మేలు చిన్నది, మనిషిని బట్టి డాక్టరూ రోగీ కలిసి తేల్చుకోండి. డీ అంటే వద్దు. ఐ అంటే తేల్చడానికి తగినంత రుజువు లేదు. డీ అనే అక్షరం ఉండటం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. వద్దని కూడా చెప్పగలిగిన జాబితానే నమ్మదగిన జాబితా. పేపరు మధ్యలో వచ్చే రంగుల కాగితం దేన్నీ వద్దనదు.

కోక్రేన్ సంస్థ పరిశోధకులు 2019లో 17 ప్రయోగాలను, అందులో పాల్గొన్న 2.5 లక్షల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూశారు. లక్షణాలేవీ లేనివాళ్లకి అన్నీ కలిపి చేసే మామూలు హెల్త్ చెకప్‌ల వల్ల మరణాలు తగ్గిన జాడ దాదాపుగా కనపడలేదు. పరీక్షలే దండగ అని దీన్ని అర్థం చేసుకోకూడదు. అదునులో వేసిన విత్తనమే మొలిచినట్టు, సరైన వయసులో సరైన మనిషికి చేసిన కొన్ని పరీక్షలే ప్రాణం కాపాడతాయి. ఆ కొన్ని ఏవో చూద్దాం.

మన దేశంలో 30 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ అయిదు జబ్బుల కోసం పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. బీపీ, షుగర్ ఏడాదికోసారి. క్యాన్సర్ పరీక్షలు అయిదేళ్లకోసారి. ఊళ్లో ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వయసు, పొగాకు, మందు, నడుము చుట్టుకొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని అడిగి ఒక ఫారం నింపుతుంది. ఆ మార్కులు 4 దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పంపాలి. పరీక్షలు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లో, తెలంగాణలో అయితే పల్లె దవాఖాన, బస్తీ దవాఖానల్లో జరుగుతాయి. చాలామంది ఈ ఫారాన్ని సర్కారు లెక్కల కోసం రాసుకునే కాగితంగా చూసి, ‘మాకేం లేదమ్మా’ అని గుమ్మం దగ్గరే పంపించేస్తారు. ఆశా అడిగే ఆ ప్రశ్నల వెనక చాలా ఏళ్ల పరిశోధన ఉంది. కూర్చోబెట్టి, నిజం చెప్పి, నడుము కొలిపించుకోండి.

నడుము కొలత విషయంలో ఒక మాట. ప్యాంటు సైజు నడుము కొలత కాదు. కింది పక్కటెముక అంచుకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన టేపు పెట్టాలి. మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా చూడాలి. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో ఈ కొలతతో పాటు ఇంకో మూడు విషయాలు కలిపి, రక్తం తీయకుండానే షుగర్ ముప్పును అంచనా వేసే మార్కుల పద్ధతి తయారు చేసింది. దాన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. వయసు 35 లోపు అయితే సున్నా, 35 నుంచి 49 దాకా 20, 50 లేదా ఆపైన అయితే 30. నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్ల లోపు, ఆడవాళ్లకి 80 లోపు అయితే సున్నా. మగవాళ్లకి 90 నుంచి 99, ఆడవాళ్లకి 80 నుంచి 89 అయితే 10. అంతకు మించితే 20. వ్యాయామమూ చేస్తూ ఒళ్లు వంచే పనీ చేసేవాళ్లకి సున్నా, రెండింట్లో ఒకటే ఉంటే 20, రెండూ లేకపోతే 30. అమ్మానాన్నల్లో ఒకరికి షుగరుంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 దాటినా, 60కి చేరినా ముప్పు ఎక్కువని అర్థం.

నలభై రెండేళ్ల బ్యాంకు ఉద్యోగి ఒకతను ఉన్నాడనుకుందాం. నడుము 94, రోజంతా కుర్చీలోనే, వ్యాయామం లేదు, నాన్నగారికి షుగరుంది. ఇరవై, పది, ముప్పై, పది, వెరసి 70. ఇతను వెంటనే పరగడుపు షుగర్ చూపించుకోవాలి. ఇందులో నాకు నచ్చే సంగతి ఇంకొకటి. వయసు తగ్గదు, నాన్నగారి జబ్బు మారదు. క్రమం తప్పకుండా వ్యాయామం మొదలుపెడితే ముప్పై కాస్తా ఇరవై అవుతుంది. నడుము 90 లోపుకి దిగితే ఇంకో పది పోతుంది. మొత్తం 50. అంటే తన చేతిలో ఎంత ఉందో ఆ మనిషికి ఒక్క కాగితం మీద కనిపిస్తుంది. మన దేశంలో ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందరి దశలో ఉన్నవాళ్లు 13.6 కోట్ల మంది ఉంటారని 2023లో వెలువడ్డ ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. షుగర్ జబ్బు ఉన్నవాళ్ల 10.1 కోట్ల కంటే అది ఎక్కువ. ఆ దశలో తిండీ నడకా మార్చుకున్నవాళ్లలో షుగర్ జబ్బుగా ముదరడం మూడేళ్లలో నాలుగోవంతుకు పైగా తగ్గిందని మన దేశంలోనే జరిగిన నివారణ ప్రయోగం 2006లో చూపించింది. వెనక్కి తిప్పగలిగే సమయం అదే.

ఇక బీపీ. ఇంతమందికి ఇన్నిసార్లు చేసే పరీక్ష ఇంకొకటి లేదు, ఇంత అజాగ్రత్తగా చేసేదీ ఇంకొకటి లేదు. మెట్లెక్కి, ఆయాసంతో, టోకెన్ పట్టుకుని వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, ‘ఏమ్మా, అన్నం తిన్నావా?’ అని కబుర్లాడుతూ బీపీ చూస్తారు. మార్గదర్శకాలు చెప్పే పద్ధతి వేరు. అరగంట ముందునుంచీ టీ, కాఫీ, పొగ వద్దు. మూత్రం వస్తుంటే ముందు వెళ్లి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్లమీద గుండె ఎత్తులో ఆనాలి. పట్టీ చర్మం మీదే ఉండాలి, చేతి లావుకు సరిపోయేది అయ్యుండాలి. కొలుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి సగటు రాసుకోవాలి. చెయ్యి వేలాడినా, మాట్లాడుతున్నా, మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె దాదాపు పది దాకా పెరగొచ్చు. ఆ పది వల్ల జబ్బు లేని మనిషికి మాత్ర మొదలవుతుంది, లేదా చాలిన మాత్రకు ఇంకో మాత్ర తోడవుతుంది. ఆసుపత్రిలో 140/90 దాటితే ఎక్కువ అంటారు. ఇంట్లో తీరిగ్గా చూసుకునేదానికి హద్దు 135/85. ఒక్క రోజు అంకె చూసి కంగారు పడొద్దు. వారం రోజులు పొద్దున, సాయంత్రం రాసి ఆ కాగితం డాక్టరుగారి ముందు పెట్టండి. ఆసుపత్రిలో తొందరగా చూస్తుంటే, ‘ఒక్క అయిదు నిమిషాలు కూర్చున్నాక చూడండి సిస్టర్’ అని అడగండి. అది హక్కు, మర్యాదగా అడగొచ్చు.

నోటి పరీక్ష మన జాబితాలో ఎందుకుందో తెలిస్తే, మార్గదర్శకాలు నేలను బట్టి ఎలా మారతాయో అర్థమవుతుంది. అమెరికా బృందం నోటి క్యాన్సర్ పరీక్షకు ఇచ్చిన అక్షరం ఐ. మనకు మాత్రం అది అయిదింట్లో ఒకటి, ఎందుకంటే ఇక్కడ గుట్కా, ఖైనీ, చుట్ట ఉన్నాయి. తిరువనంతపురంలోని రీజినల్ క్యాన్సర్ సెంటర్ చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2005లో వచ్చాయి. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోరు తెరిపించి కళ్లతో చూసే మామూలు పరీక్ష వల్లే నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. యంత్రం లేదు, రక్తం లేదు. టార్చిలైటు, శిక్షణ ఉన్న కళ్లు.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే అమ్మమ్మలను చూసినవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం వల్ల వేడీ పొగా నేరుగా అంగిలిని కాలుస్తాయి. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. అలాంటివాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే పెదవులు, చెంపలు మాత్రమే చూసి వదిలేయకండి. కట్టుడు పళ్లు తీయించి, తల వెనక్కి వంచి, అంగిలి మీద లైటు వేసి చూడాలి. తర్వాత నాలుక పైకెత్తించి కింద, పక్కలు. తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, గుట్కా తినే కుర్రాడికి మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు బిగుసుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే వారంలో దంత వైద్యుడికో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించాలి.

గర్భాశయ ముఖద్వార పరీక్షకు మన ఆడవాళ్లు వెనకాడతారు, సిగ్గు వల్ల, భయం వల్ల, ‘నాకేం లక్షణాలు లేవు కదా’ అన్న ధీమా వల్ల. లక్షణాలు లేనప్పుడు చేసుకోవడమే ఈ పరీక్ష ప్రయోజనం. హెచ్‌పీవీ వైరస్ సోకినప్పటినుంచీ క్యాన్సర్ అయ్యేదాకా చాలా ఏళ్లు పడుతుంది. ఆ మధ్యలో ఎప్పుడు పట్టుకున్నా చిన్న చికిత్సతో పోతుంది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి బృందం మురికివాడల్లో దాదాపు 1.5 లక్షల మంది ఆడవాళ్లతో ఒక ప్రయోగం చేసింది. పరీక్ష చేసింది డాక్టర్లు కాదు. పదో తరగతి చదివి, శిక్షణ తీసుకున్న ఆడవాళ్లు. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలచగా కలిపి దూదితో అద్ది, నిమిషం ఆగి చూస్తారు. చెడిన చోటు తెల్లగా మారుతుంది. రెండేళ్లకోసారి ఇలా చూసిన గుంపులో పన్నెండేళ్లకి ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. ఇప్పుడు హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష దొరికే చోట అదే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అది లేని చోట దానికోసం ఎదురుచూపులు అక్కర్లేదు, వెనిగర్ పరీక్షతోనే మొదలుపెట్టండి. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్ల ఉంటే హెచ్‌పీవీ టీకా గురించి పిల్లల డాక్టరును ఈసారి వెళ్లినప్పుడే అడగండి.

ఇంతవరకూ చేయాల్సినవి. చేయక్కర్లేని పరీక్ష వల్ల జరిగే నష్టం చాలామందికి కనపడదు, అందుకే దీనికో ఉదాహరణ. దక్షిణ కొరియాలో 1999 తర్వాత క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం విస్తరించింది. దానికి తోడు మెడకు అల్ట్రాసౌండ్ స్కాన్ చవకగా అందుబాటులోకి వచ్చింది. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ అని తేలినవాళ్ల సంఖ్య 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. అంటే బతికున్నంతకాలం ఏ ఇబ్బందీ పెట్టని చిన్న చిన్న గడ్డలను వెతికి పట్టుకుని కోశారు. ఆ మనుషులు జన్మంతా మాత్ర మింగాలి. కొందరికి గొంతు పోయింది, కొందరికి కాల్షియం లోటు మిగిలింది. ‘చూస్తే పోయేదేముంది’ అనే మాట వినపడినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తుకొస్తుంది.

పరీక్ష చేయడం కంటే ఫలితం వచ్చాక జరగాల్సిన పని దగ్గరే మన దేశంలో ఎక్కువమంది జారిపోతారు. బీపీ ఉందని తెలుసు, మాత్ర రాశారు, నెల వాడారు, ‘తగ్గింది’ అని మానేశారు. ఈ జారుడును ఆపడానికి 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదట ఎంచుకున్న అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అక్కడ చేసింది వినడానికి చాలా చిన్న పని. ప్రతి డాక్టరూ తన పద్ధతిలో రాయకుండా రాష్ట్రానికి ఒకే చికిత్సా క్రమం పెట్టారు. ఒక మందుతో మొదలు, నెల తర్వాత మళ్లీ కొలత, 140/90 లోపుకి రాకపోతే తర్వాతి మెట్టు. కొద్ది రకాల మందులే కాబట్టి నిల్వ అయిపోకుండా చూడగలిగారు. రోగికి కార్డు, నర్సు దగ్గర వివరాలు, రావాల్సిన తేదీకి రానివాళ్ల జాబితా, వాళ్లకి ఫోను. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం వచ్చింది. మార్గదర్శకం అల్మరాలో ఉన్నంతకాలం కాగితమే. తేదీ, జాబితా, ఫోను చేసే మనిషి కలిసినప్పుడు అది వైద్యం అవుతుంది.

ఆ నర్సు చేసే పని మీ ఇంట్లో మీరు చేయండి. ఒక పొడుగు నోటుబుక్కు తీసుకుని మనిషికో పేజీ పెట్టండి. పైన పుట్టిన సంవత్సరం, నడుము కొలత, పొగాకు, మద్యం అలవాట్లు, అమ్మానాన్నల జబ్బులు, అవి ఏ వయసులో వచ్చాయన్నది. నాన్నగారికి 48వ ఏట గుండెపోటు రావడం, 78వ ఏట రావడం ఒకటి కాదు. కింద పరీక్ష పేరు, చేసిన తేదీ, ఫలితం, మళ్లీ ఎప్పుడు. ఈ ‘మళ్లీ ఎప్పుడు’ అన్న గడి ఖాళీగా ఉంటే నోటుబుక్కు వల్ల ఉపయోగం లేదు. ఫలితం రాసిన రోజే అదీ నింపి, ఫోనులో అలారం పెట్టండి. మొదటి పేజీ ఇంటి ఇల్లాలిది కావాలి. అందరి మందులూ గుర్తుపెట్టుకుని అందించే ఆవిడ తన పరీక్ష దగ్గరికొచ్చేసరికి ‘తర్వాత చూద్దాంలే’ అంటుంది.

షుగర్ ఉన్నవాళ్ల పేజీలో ఇంకొన్ని గీతలు కొట్టాలి. మూడు నుంచి ఆరు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ. ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష, మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, పాదాల పరీక్ష. కంటి పరీక్షను ఎక్కువమంది వదిలేస్తారు, చూపు బాగానే ఉంది కదా అని. రెటీనా దెబ్బతినడం మొదలైనప్పుడు నొప్పి ఉండదు, మసకా ఉండదు. మసక వచ్చేసరికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. అద్దాల దుకాణంలో నంబరు చూపించుకోవడం ఈ పరీక్ష కిందికి రాదు.

డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు ‘గైడ్‌లైన్స్‌లో ఇలా ఉంది, మీరెందుకు చేయలేదు?’ అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. ‘డాక్టరుగారూ, నాకు 52. నాన్నకి షుగరుంది, నేను పదేళ్లు సిగరెట్ తాగి మానేశాను. నా వయసుకి చేయించుకోవాల్సినవి ఏమైనా మిగిలాయా?’ అని నోటుబుక్కు ముందు పెట్టండి. ఏదైనా కొత్త పరీక్ష రాస్తే రెండే ప్రశ్నలు చాలు. ఇందులో తేడా వస్తే మనం ఏం చేస్తాం? రాకపోతే మళ్లీ ఎప్పుడు చేయాలి? మొదటి ప్రశ్నకు జవాబు లేని పరీక్ష గురించి ఇంకోసారి ఆలోచించుకోవచ్చు. డాక్టరు మార్గదర్శకానికి భిన్నంగా చెబితే కారణం అడగండి. తరచుగా కారణం ఉంటుంది. మార్గదర్శకం లక్షలమంది సగటును చూసి రాసింది, ఆయన ముందున్నది మీరు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు అక్కడి జాబితానే పాటించాలి. అక్కడ 45 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష మొదలుపెట్టమంటారు. 2021కి ముందు ఆ వయసు 50. రొమ్ము క్యాన్సర్‌కి 40 నుంచి 74 దాకా రెండేళ్లకోసారి మామోగ్రామ్ అని 2024లో చెప్పారు. ఆ జాబితా చూసి ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకి అవే పరీక్షలు బుక్ చేసేముందు, వాళ్ల బీపీ చివరిసారి ఎప్పుడు సరిగ్గా కొలిచారో కనుక్కోండి.

ఇలా వయసులు, అంకెలు మారుతూనే ఉంటాయి, కాబట్టి ఏడాదికోసారి నోటుబుక్కు తీసుకుని డాక్టరుతో సరిచూసుకోవాలి. ఆస్పిరిన్ సంగతే తీసుకోండి. గుండెజబ్బు ఎప్పుడూ రాని పెద్దవాళ్లకి కూడా ముందుజాగ్రత్తగా చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇవ్వడం ఒకప్పుడు మామూలే. 60 దాటినవాళ్లు అలా కొత్తగా మొదలుపెట్టొద్దని అమెరికా బృందం 2022లో సూచన మార్చింది, రక్తస్రావం ముప్పు మేలును మించుతోందని తేలాక. గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంటు వేయించుకున్నవాళ్లకి, పక్షవాతం వచ్చినవాళ్లకి ఈ సూచన వర్తించదు. వాళ్లు ఇది చదివి ఆస్పిరిన్ ఆపకూడదు. ఎవరో చెప్పారని ఏళ్లతరబడి వేసుకుంటున్నవాళ్లు కూడా తమంతట తాము మానేయకుండా, ఆ మాత్ర ఎందుకు మొదలైందో నోటుబుక్కులో రాసుకుని డాక్టరును అడగాలి.